‘మా గురించి’ పేజీలో ఒక వాక్యం

తొమ్మిదో భాగం

పోయినవారం మనం నవనీతను తార్నాకలో, శశిభూషణ్ గ్లాస్ వర్క్స్ గుమ్మం బయట, చెప్పులు విడుస్తూ ఉండగా వదిలి వచ్చాం. గచ్చిబౌలి కంపెనీలో ఉద్యోగం మానేశాక ఆమె సొంతంగా ఒప్పుకున్న మొట్టమొదటి పని ఇది. కాలేజీ లాబొరేటరీలకు గాజు పరికరాలు చేసిచ్చే ఈ చిన్న వర్క్‌షాపుకు కొత్త వెబ్‌సైట్ కట్టాలి. పని అప్పగించినవాడు యజమాని శశిభూషణ్ మేనల్లుడు రత్నాకర్. ఆర్డర్ల కోసం ఊళ్లు తిరిగే మనిషి. మూడు వారాల గడువు పెట్టాడు. రెండు వారాలు గడిచిపోయినా పాత సైట్ పాస్‌వర్డ్ మాత్రం నవనీత చేతికి రాలేదు. అది ముందు గదిలో బల్ల దగ్గర కూర్చునే భాగ్య దగ్గర ఉంది. ఆమె ఇవ్వదు. ఆమెకు పాతదంటే మోజనీ, ఎలాగోలా నచ్చజెప్పి తీసుకొమ్మనీ రత్నాకర్ ఫోనులో చెప్పి చేతులు దులుపుకున్నాడు.

ఈసారి తీసుకోకుండా కదిలేది లేదని నిశ్చయించుకునే నవనీత లోపలికి అడుగుపెట్టింది.

భాగ్యకు నలభై దాటి రెండు మూడేళ్లు ఉంటాయి. జనగామ వైపు పల్లె నుంచి పనికోసం వచ్చి మాణికేశ్వర్ నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఇంటర్ చదివి, పదహారేళ్ల కిందట ఫోన్లెత్తడానికీ పార్శిళ్లు కట్టడానికీ ఇక్కడ చేరింది. అప్పట్లో యూనివర్సిటీలో ఎంసీఏ చదివే కుమార్ అనే కుర్రాడు ఈ సైట్ తయారుచేశాడు. చదువైపోయి వెళ్లిపోతూ, మాట ఎక్కడ మార్చాలో, బొమ్మ ఎక్కడ పెట్టాలో ఆమెకు రెండు మధ్యాహ్నాలు కూర్చుని చూపించి పోయాడు. ఆ రెండు మధ్యాహ్నాల చదువుతోనే ఆమె ఇన్నేళ్లుగా దాన్ని నడుపుకొస్తోంది.

నవనీత పదకొండు పేజీల నివేదిక తీసి బల్ల మీద పెట్టింది. రెండు రాత్రులు కూర్చుని రాసింది. రంగులు ఎప్పటివో, అక్షరాలు మరీ చిన్నవి, పైన అటూ ఇటూ పరుగెత్తే స్వాగతం వరుస ఇప్పుడెవరూ పెట్టడం లేదు, ఎంతమంది చూశారో లెక్క చూపించే అంకెల పెట్టె చూసి జనం నవ్వుతారు. ఇలా సాగింది ఆ నివేదిక.

భాగ్య కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. మధ్యలో ఫోన్ మోగితే ఎత్తి, మాట్లాడి, మళ్లీ ఆపిన వాక్యం దగ్గర్నుంచే మొదలుపెట్టింది. అంతా అయ్యాక కాగితాలు సర్ది నవనీత ముందుకు జరిపింది.

"మంచిగ రాసిన్రు మేడం. ఒక్కటి చెప్పున్రి. ఇండ్ల దేని వల్ల మనకు ఆర్డర్ పోయింది?"

నవనీత నివేదికను మళ్లీ తన వైపు తిప్పుకుంది. చూసేవాళ్లు మొదటి చూపులోనే ఒక అభిప్రాయానికి వచ్చేస్తారని, కంపెనీలో నలుగురు క్లయింట్ల ముందు చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. చెబుతుంటేనే ఆ మాట ఆమెకే పలచగా వినిపించింది. భాగ్య వాదించలేదు. బల్ల కింది నుంచి అట్టపెట్టె ఒకటి పైకి తీసి, దాని మూతకు టేపు అంటిస్తూ, "చూసేటోళ్ల సంగతి మీకు ఎరుకే. కొనేటోళ్లు ఎట్ల చూస్తరో నేను చూపిస్త, రాన్రి," అంది.

నవనీత స్కూటర్ వెనుక భాగ్య పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుంత వచ్చిన ప్రతిచోటా ముందుగానే నవనీత భుజం మీద రెండు వేళ్లతో తట్టింది. మెట్రో స్తంభాల నీడ దాటి యూనివర్సిటీ గేట్లోకి మలుపు తిరిగేసరికి గాలి మారింది. రోడ్డుకు అటూ ఇటూ చెట్లు, పుస్తకాలు చంకన పెట్టుకుని ఏదో పరీక్ష గురించి గట్టిగా మాట్లాడుకుంటూ పోయే పిల్లలు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ మెట్ల దగ్గరే ఘాటైన వాసన ఎదురొచ్చింది.

లాబ్‌లో యోహాను ఉన్నాడు. ఇరవై ఏడేళ్లుగా అక్కడ అసిస్టెంటు. పెట్టె విప్పి, ఒక్కొక్క ఫ్లాస్కునూ కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, చుట్టూ తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు. అన్నీ అయ్యాక భాగ్య అతణ్ణి ఒక పని అడిగింది. తాను అక్కడ లేదనుకుని, సైట్ చూసి ఏదైనా ఒకటి ఆర్డర్ పెట్టమంది.

యోహాను జేబులోంచి ఫోన్ తీశాడు. సైట్ తెరవగానే ముందు ఒక హెచ్చరిక కనిపించింది, ఇది సురక్షితమైన సైట్ కాదని. అలవాటైన మనిషి కాబట్టి దాన్ని నొక్కి దాటేశాడు. "కొత్తగ జాయినైన సార్లు గిది చూస్తే భయపడి మూసేస్తరు," అన్నాడు. లోపలి అక్షరాలు చీమల్లా ఉన్నాయి. రెండు వేళ్లతో పెద్దవి చేశాడు. పేజీ పక్కకు జారిపోయింది. మళ్లీ లాక్కొచ్చాడు. ఇంకోవైపు జారింది. ఒక నిమిషం పెనుగులాడి, ఫోన్ పక్కన పెట్టేసి, గోడవైపున్న అల్మారా దగ్గరికి వెళ్లి తలుపు తీశాడు.

తలుపు లోపలి వైపు నిండా మార్కర్‌తో రాసిన అంకెలు. 114. 207. 31బి. శశిభూషణ్ గ్లాస్ వర్క్స్ సైట్‌లో ఒక్కో పరికరం బొమ్మకు ఉన్న డ్రాయింగ్ నంబర్లవి. ఏ అరలో ఏది పగిలితే ఏ నంబరు అడగాలో ఏళ్ల తరబడి అతను రాసుకుంటూ వచ్చాడు.

"రెండొందల ఏడు, నాలుగు కావాలె భాగ్యమ్మా," అని నవ్వాడు. "గంతే. ఫోన్ చేసి గిట్ల చెప్త."

నవనీత ఆ అంకెలను మరోసారి చదివింది. ఆమె కట్టబోయే కొత్త సైట్‌లో ఆ నంబర్లన్నీ తీసేసి, రకాలవారీగా కొత్త నంబర్లు ఇచ్చింది. ఆ అమరిక తనకు చాలా నచ్చింది కూడా. నంబర్లు మారితే ఎలా ఉంటుందని యోహానును మెల్లగా అడిగింది. తన దగ్గర పని నేర్చుకుని వరంగల్‌కూ నిజామాబాద్‌కూ బదిలీ అయిపోయిన వాళ్ల లాబ్‌లలో కూడా అల్మారాల మీద ఇవే నంబర్లు ఉన్నాయని అతను చెప్పాడు. తనకింక మూడేళ్ల సర్వీసే మిగిలిందనీ, మళ్లీ మొదటి నుంచి నేర్చుకునే ఓపిక లేదనీ అన్నాడు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాక భాగ్య సంచిలోంచి పొడుగాటి నోట్‌బుక్ ఒకటి తీసి నవనీత చేతికిచ్చింది. ఆరేళ్ల ఫోన్ కాల్స్ అందులో ఉన్నాయి. ఆర్డర్లు కావు. ఫలానా తారీఖున ఫలానా కాలేజీ నుంచి ఫోన్ చేసి, సైట్‌లో ఉండాల్సిన సంగతే మళ్లీ ఏం అడిగారన్నది రాసి ఉంది. ఏదైనా చెడిపోయిందనో పగిలిందనో చెప్పినవాళ్లుంటే అదీ రాసి ఉంది.

"సైట్ల ఉన్నదే ఫోన్ చేసి అడుగుతున్నరంటే తప్పు అడిగినోళ్లది కాదు మేడం. ఒకసారి అడిగితే దిద్దుత. దిద్దినంక గూడ గదే అడిగితే, అది దిద్దుడుతోని పోయే రోగం కాదని తెలుస్తది."

నవనీత పేజీలు తిప్పింది. మెట్రో వచ్చాక షాపు ఎక్కడో తెలియడం లేదని వరసగా పన్నెండు ఫోన్లు. భాగ్య దారి గుర్తులు మార్చి రాసింది. పదిరోజుల్లో ఆ ప్రశ్న ఆగిపోయింది. వివరాలు నింపి పంపే ఫారం ఒకటి ఉండేది. ప్రతి సోమవారం పొద్దున్నే భాగ్య తనకు తానే అందులోంచి ఒక ఉత్తరం పంపుకుని, వస్తోందో లేదో చూసేది. ఒక సోమవారం రాలేదు. ఆ సాయంత్రానికే ఫారం తీసేసి అక్కడ ఫోన్ నంబర్ పెట్టింది. తర్వాత కిందటేడు జూన్ పేజీలు వచ్చాయి. భయపెట్టే హెచ్చరిక వస్తోందని, ఫోనులో కనిపించడం లేదని, డ్రాయింగ్ తెరుచుకోవడం లేదని. భాగ్య మూడుసార్లు ఏవేవో మార్చి చూసింది. ప్రశ్నలు ఆగలేదు. ఆ నెల చివర ఎర్ర సిరాతో రెండు వాక్యాలు: ‘ఇంక దీన్ని దిద్దితే లాభం లేదు. కొత్తది కట్టాలె.’ దాని కిందే ఇంకో రెండు: ‘నంబర్లు మారొద్దు. డ్రాయింగ్ ప్రింటు తీస్తే కొలత సరిగ్గ రావాలె.’

కొత్త సైట్ ఆలోచన రత్నాకర్‌కు రావడానికి ఏడాది ముందే ఆమె ఆ మాట రాసుకుంది.

కంపెనీలో ఉన్న అయిదేళ్లలో నవనీత ఎన్నో పెద్ద సైట్ల సంగతి తేల్చింది. రంగురంగుల గ్రాఫులు చూసింది, మీటింగుల్లో గంటలు గంటలు కూర్చుంది. ఒక సైట్‌కు ఎప్పుడు మరమ్మతు చాలో, ఎప్పుడు దాన్ని వదిలేయాలో ఇంత నిక్కచ్చిగా చెప్పిన మనిషిని ఆమె ఇంతవరకు కలవలేదు. తన పదకొండు పేజీలూ మడిచి బ్యాగు అడుగున పెట్టేసుకుంది. సిగ్గనిపించింది. ఆ సిగ్గులో ఏదో సంతోషం కూడా ఉంది, మంచి గురువు దొరికినప్పుడు ఉండేలాంటిది.

"మరి అక్కా, కొత్తది కావాలని మీకే తెలుసు కదా. పాస్‌వర్డ్ ఎందుకు ఇవ్వట్లేదు?"

నవనీత నోటి నుంచి ‘అక్కా’ అన్న పిలుపు మొదటిసారి వచ్చిందని ఇద్దరూ గమనించారు. భాగ్య నోట్‌బుక్ తీసుకోకుండానే లేచి చీర దులుపుకుంది. సార్ అన్నం తినే వేళయిందని, త్వరగా పోదామని మాత్రం అంది.

ఆమెను షాపు దగ్గర దింపి నవనీత నల్లకుంటలోని తన ఇంటివైపు బయలుదేరింది. విద్యానగర్ దాకా వెళ్లాక గాని నోట్‌బుక్ తన బ్యాగులోనే ఉండిపోయిందని తెలియలేదు. వెనక్కి తిరిగింది.

ముందు గది ఖాళీగా ఉంది. వెనుక గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలి నుంచి బుస్సుమని ఆగని చప్పుడు. రెండు వారాలుగా ఆ గదిలోకి ఆమెను ఎవరూ రానివ్వలేదు. సార్ పనిలో ఉన్నారని, మాట్లాడిస్తే ఇబ్బందని భాగ్య ఎప్పుడూ బయటే ఆపేసేది. నవనీత తలుపు దగ్గరికి వెళ్లి ఆగిపోయింది.

మంట ముందు కూర్చున్నది భాగ్య.

వంకాయ రంగు కళ్లద్దాలు పెట్టుకుంది. రెండు చేతుల్లో రెండు గాజు గొట్టాలు. మంటలో వాటి కొసలు నారింజ రంగుకు తిరిగి, తేనెలా జారబోతున్నాయి. జారనివ్వకుండా ఆమె వేళ్లు వాటిని తిప్పుతూనే ఉన్నాయి. కుడిచేయి ఎంతో ఎడమచేయీ అంతే, వెంట్రుకవాసి తేడా లేకుండా. పెదవుల మధ్య, గాజు చివరకు తగిలించిన సన్నటి రబ్బరు గొట్టం. ఒక గొట్టాన్ని రెండోదాని లోపలికి దించి, చుట్టూ అతుకు కలిసేలా మంట అంచును అద్ది, లోపలికి చిన్నగా ఊపిరి వదిలింది. గాజు ఒక్క క్షణం ఉబ్బి, సర్దుకుని, నిలిచింది. అతికిన జాడ కూడా కనిపించలేదు.

పక్కన కుర్చీలో శశిభూషణ్ కూర్చుని ఉన్నారు. కుడిచేయి ఒళ్లో ఊరికే పడి ఉంది. "కొంచెం కిందికి. ఆఁ. ఇప్పుడు వదులు," అన్నారు అంతకుముందే, చాలా మెల్లగా. ఆ తర్వాత ఇక ఏమీ అనలేదు. అనవలసిన అవసరం రాలేదు.

పరికరం పగలకుండా మెల్లమెల్లగా చల్లారడానికి కొలిమిలోకి వెళ్లేదాకా నవనీత గుమ్మంలోనే నిలబడింది. భాగ్య అద్దాలు తీసి, తలెత్తి, ఆమెను చూసింది. లేవబోయింది. శశిభూషణ్ ఎడమచేత్తో కూర్చోమని సైగ చేసి, నవనీతకు స్టూలు చూపించారు.

ఆయనది కాకినాడ. కుర్రతనంలో హైదరాబాదు వచ్చి ముప్ఫై ఏళ్లు ఒక లాబొరేటరీలో గాజు ఊది, తర్వాత ఇది పెట్టుకున్నారు. నాలుగేళ్ల కిందట స్నానాల గదిలో జారిపడ్డారు. భుజం ఎముక అతికింది కాని చెయ్యి పూర్తిగా తిరగదు. రెండు చేతులూ ఒకే వేగంతో తిరగకపోతే గాజు వంకరపోతుంది. ఇక మూసేద్దామనుకున్న రోజుల్లో భాగ్య ఒక పనస గింజంత గాజు బుడగను తెచ్చి ఆయన ముందు పెట్టింది. మధ్యాహ్నం తిండి వేళల్లో, పనికిరాని ముక్కలతో తానే చేసింది.

"పన్నెండేళ్లు తలుపు దగ్గర నిలబడి చూసిందమ్మా, నాకు తెలియనే లేదు," అన్నారాయన. "మొదటిదాంట్లో మూడు తప్పులు చెప్పాను. మర్నాడు ఇంకోటి తెచ్చింది, ఒకటే తప్పు. ఆ ఏడాది తిరిగేసరికి నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు."

ఈ సంగతి రత్నాకర్‌కు కూడా తెలియదట. అతను వచ్చేది నెలకోసారి, వచ్చినా ముందు గది దాటడు.

నవనీతకు అప్పుడు మెట్ల మీద తానడిగిన ప్రశ్నకు జవాబు తెలిసింది. సైట్‌లో ‘మా గురించి’ అన్న పేజీలో మంట ముందు శశిభూషణ్ ఫోటో, కింద ఒక వాక్యం: ఇక్కడి ప్రతి పరికరమూ శశిభూషణ్ గారి స్వహస్తాలతో తయారవుతుంది.

భాగ్య కళ్లద్దాలు తుడుస్తూ, తల ఎత్తకుండా మాట్లాడింది. "పాతది అట్లనే ఉంటే అది పాతవడ్డ మాట. ఎవ్వలు పట్టించుకోరు. కొత్తదాంట్ల గూడ మీరు గదే రాస్తరు. అప్పుడు అది అబద్ధమైతది. రాసినోళ్లు మీరు, రాయించింది నేను. గందుకే ఇయ్యలే."

మరి మీ పేరే రాద్దామని నవనీత అంది. భాగ్య అడ్డంగా తలూపింది. కాలేజీలు సార్ పేరు చూసి అడుగుతాయి. ఫోనెత్తే ఆమెనే ఫ్లాస్కు చేస్తుందంటే ఎవరు నమ్ముతారు? సార్ పేరు వెనుక నలభై ఏళ్లున్నాయి, తన పేరు వెనుక ఏముందని అడిగింది.

నవనీత బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి బల్ల మీద పరిచింది. ఈ నాలుగేళ్లలో గాజు బాగాలేదని ఎంతమంది ఫోన్ చేశారో చూడమంది. భాగ్యకు చూడకుండానే తెలుసు. అయినా పేజీలు తిప్పింది, వేలు ఒక్కో వరుస మీద పెట్టి, దాటవేయకుండా. దారి తెలియడం లేదన్నవాళ్లున్నారు, డ్రాయింగ్ రావడం లేదన్నవాళ్లున్నారు. గాజు గురించి ఇద్దరే ఉన్నారు. ఇద్దరివీ పార్శిల్ పోయే దారిలో పగిలినవి.

శశిభూషణ్ సైట్‌లోని ‘మా గురించి’ పేజీలో ఏముందో చదవమన్నారు. ఆయన దాన్ని చూసి చాలా ఏళ్లయింది. నవనీత ఫోనులో తెరిచి మొత్తం వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని విని, చివర్లో చిన్నగా నవ్వారు.

"బాగానే చేసేవాడు ఆయన. నాలుగేళ్ల కిందటే మానేశాడు." కళ్లు తెరిచి భాగ్య వైపు తిరిగారు. "కొత్త సైట్ వచ్చేదాకా ఆగొద్దమ్మా. ఆ ఒక్క వాక్యం ఇవాళే మార్చు. నువ్వే మార్చు."

భాగ్య లేచి చేతులు కడుక్కుని ముందు గదిలో పాత కంప్యూటర్ ముందు కూర్చుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నవనీత మొహం పక్కకు తిప్పుకుంది. "చూడున్రి, ఇంక మీకు తెల్వాలె గద," అంది భాగ్య. నవనీత చూసింది.

పాత వాక్యం చెరిపేశాక ఆ చోటు తెల్లగా, ఖాళీగా మిగిలింది. భాగ్య ఇంగ్లీషులో ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ రెండు వాక్యాలు రాసింది. రెండోది ముందు రాసింది: ఆమెకు పని నేర్పినవారు శశిభూషణ్. ఆ తర్వాత పైకి వెళ్లి, దాని ముందు మొదటిది పెట్టింది: ఇక్కడి పరికరాలు చేసేది భాగ్య. ఒకసారి చదువుకుంది. స్పెల్లింగ్ సరిచూడమని నవనీతను అడిగింది. తప్పులేమీ లేవు. బటన్ నొక్కింది. పేజీ మళ్లీ తెరిచి చూసింది. తన పేరు అక్కడ ఉంది.

శశిభూషణ్ వెనుక నిలబడి ఎడమచేయి ఆమె తల మీద పెట్టారు. నవనీత కిటికీలోంచి బయటికి చూసింది, ఆ క్షణం తనది కాదని తోచి.

పావుగంట కూడా కాలేదు, శశిభూషణ్ ఫోన్ మోగింది. రత్నాకర్. పుణెలో ఏదో పెద్ద పరిశోధన సంస్థకు ఆర్డర్ కోసం వెళ్లాడు. ఆయన స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టారు. రత్నాకర్ గొంతు గుసగుసగా వచ్చింది.

"మావయ్యా, వాళ్ల మీటింగ్ రూమ్‌లోనే ఉన్నా. మన సైట్ పెద్ద స్క్రీన్ మీద పెట్టి చూపిస్తున్నా. ఆ పేజీలో ఎవరో పేరు మార్చారు. ఈ భాగ్య ఎవరని అడుగుతున్నారు." ఒక క్షణం ఆగాడు. వెనుక కుర్చీలు జరిగిన చప్పుడు. "రెండేళ్ల కింద మనం పంపిన గాజు కండెన్సర్లు తెచ్చి నా ముందు పెట్టారు. ఇవి చేసింది కూడా ఆమేనా అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"

ఆ గొంతులో ఉన్నది భయమో, ఇంకేమిటో నవనీతకు అంతుపట్టలేదు. శశిభూషణ్ ఫోన్‌ను బల్ల మీద మెల్లగా భాగ్య ముందుకు తోశారు.

భాగ్య ముందుకు వంగి, "నేనే చేసిన," అంది.

అవతల ఫోన్ చేతులు మారిన చప్పుడు వినిపించింది. రత్నాకర్ గొంతు పోయి, ఆ సంస్థకు చెందిన ఎవరో వయసుమళ్లిన ఆవిడ గొంతు, హిందీలో, చాలా నెమ్మదిగా, ఆమెను పేరుపెట్టి పిలిచింది.